ఎం35ఏ2 సైనిక ట్రక్కు నిర్వహణ

ఎం35ఏ2 అనేది 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల సైన్యం విరివిగా వాడిన పది చక్రాల డీజిల్ ట్రక్కు. దీని సామర్థ్యం రెండున్నర టన్నులు కాబట్టి సైనికులు దీనిని "డ్యూస్ అండ్ ఎ హాఫ్" అని పిలిచేవారు. పేకాటలో రెండు అంకె గల ముక్కను ఆంగ్లంలో డ్యూస్ అంటారు. సైన్యం అవసరం తీరిన తరువాత ఈ ట్రక్కులు వేలం ద్వారా పౌరుల చేతికి వచ్చాయి. రైతులు, పాత వాహనాల సేకర్తలతో పాటు పెద్దగా ఆదాయం లేని కళాశాల విద్యార్థులు కూడా వీటిని కొని నడుపుతున్నారు. ఈ వాహనాన్ని కొనడం కన్నా పోషించడం కష్టం. అయితే మరమ్మత్తులో అధిక భాగం యజమాని స్వయంగా చేసుకోగలిగే విధంగానే దీని నిర్మాణం ఉంది. ఏ పనిలో పొదుపు చేయవచ్చు, ఏ పనిలో చేయరాదు అన్న వివేచనే తక్కువ ఖర్చుతో దీనిని నిర్వహించడానికి ఆధారం.

చరిత్ర, నిర్మాణం

రెండవ ప్రపంచ యుద్ధం నాటి ట్రక్కుల స్థానంలో వాడడానికి రియో మోటార్ కంపెనీ ఈ శ్రేణిని రూపొందించింది. 1950 ప్రాంతంలో ఇవి సైన్యంలో ప్రవేశించాయి. తొలి ట్రక్కులకు పెట్రోలు ఇంజను ఉండేది. 1960వ దశకంలో బహుళ ఇంధన డీజిల్ ఇంజను అమర్చారు. ఎం35ఏ1లో చిన్నదైన ఎల్.డి.ఎస్-427, ఎం35ఏ2లో 7.8 లీటర్ల ఆరు సిలిండర్ల 465 శ్రేణి ఇంజను ఉన్నాయి. రియోతో పాటు కైజర్ జీప్, ఏ.ఎం. జనరల్ మొదలైన సంస్థలు కూడా వీటిని తయారు చేశాయి. 1990వ దశకంలో కొన్ని పాత ట్రక్కులకు కేటర్‌పిల్లర్ ఇంజను, ఆటోమేటిక్ గేరుపెట్టె అమర్చి ఎం35ఏ3 అని పేరు పెట్టారు. పౌరుల వద్ద ఎక్కువగా కనిపించేది మాత్రం ఏ2 రకమే.

ఖాళీ ట్రక్కు బరువు సుమారు 5,900 కిలోలు. దారి లేని నేల మీద 2,270 కిలోల వరకు, మంచి రోడ్డు మీద దానికి రెట్టింపు వరకు సరుకు మోయగలదు. మూడు ఇరుసులకూ ఇంజను శక్తి అందుతుంది. ఐదు గేర్లు చేతితో మార్చవలసినవే. చాలా ట్రక్కులలో స్టీరింగుకు ఎటువంటి శక్తి సహాయం లేదు. నిలిచి ఉన్న ట్రక్కు చక్రాన్ని తిప్పాలంటే భుజబలం కావాలి. గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. ప్రాంతంలో ఉంటుంది.

కొనుగోలు, పత్రాలు

సైన్యం తొలగించిన సామగ్రిని అమ్మే బాధ్యత అమెరికా రక్షణ లాజిస్టిక్స్ ఏజెన్సీకి చెందిన విభాగానిది. అక్కడ వాహనం కొన్నవారికి స్టాండర్డ్ ఫారం 97 అనే పత్రం ఇస్తారు. దీని ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వం వద్ద యాజమాన్య పత్రం పొందాలి. నియమాలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. కనుక డబ్బు కట్టడానికి ముందే తన రాష్ట్రంలో రిజిస్ట్రేషను సాధ్యమా అని విచారించడం అవసరం. ఫారం 97 లేని ట్రక్కు ఎంత చవకగా దొరికినా రోడ్డు ఎక్కకుండా పెరట్లోనే మిగిలిపోవచ్చు.

అమెరికా చట్టం ప్రకారం వాహనం, సరుకు కలిపి అనుమతించిన బరువు 26,001 పౌండ్లు, అనగా సుమారు 11,800 కిలోలు, లేదా అంతకు మించితే వాణిజ్య డ్రైవింగు లైసెన్సు ప్రశ్న వస్తుంది. ఎం35ఏ2 పూర్తి బరువుతో కూడా ఈ హద్దుకు లోపలే ఉంటుంది. అందువలన సొంత అవసరానికి నడిపేవారికి చాలా రాష్ట్రాలలో సాధారణ లైసెన్సు సరిపోతుంది.

విద్యార్థులు తరచుగా మరచిపోయే విషయం ట్రక్కును నిలిపే చోటు. దీని పొడవు సుమారు 6.7 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు. వసతి గృహాల వద్ద కారు నిలిపే గడిలో ఇది పట్టదు. పట్టినా అక్కడ దాని కింద పడుకుని మరమ్మత్తు చేయనివ్వరు. స్థలం అద్దె కూడా నెలవారీ ఖర్చులో భాగమే.

సాంకేతిక పుస్తకాలు

ఈ ట్రక్కును తక్కువ ఖర్చుతో నిలబెట్టుకోవడానికి తోడ్పడే అతి విలువైన పనిముట్టు పానా కాదు, పుస్తకం. సైన్యం ఈ శ్రేణికి టీఎం 9-2320-209, తరువాత టీఎం 9-2320-361 అనే వరుసలలో మాన్యువళ్ళు ప్రచురించింది. చివర 10 అంకె ఉన్నది డ్రైవరుకు, 20 ఉన్నది యూనిట్ మెకానిక్కుకు, 34 ఉన్నది పెద్ద మరమ్మత్తు చేసే వర్క్‌షాపుకు ఉద్దేశించినవి. పి అక్షరం ఉన్న సంపుటాలలో ప్రతి విడిభాగానికి బొమ్మ, సంఖ్య ఉంటాయి. ఈ సంఖ్య తెలిస్తే దుకాణదారు చెప్పిన పేరు మీద ఆధారపడకుండా సరైన భాగాన్ని వెదకవచ్చు. ఇవి ప్రభుత్వ ప్రచురణలు కాబట్టి ఉచితంగా లభిస్తాయి.

ఈ పుస్తకాలు ఇంజనీర్ల కోసం రాసినవి కావు. పాఠశాల చదువు ముగించి సైన్యంలో చేరిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ యువకులు చదివి పని చేయాలన్న ఉద్దేశంతో రాసినవి. ఏ బోల్టు ముందు విప్పాలి, ఎంత బిగించాలి అన్నది వరుసగా ఉంటుంది. 1951లో మొదలైన పీఎస్ అనే సైనిక పత్రిక మరొక అడుగు వేసి నిర్వహణ పాఠాలను బొమ్మల కథలుగా ముద్రించింది. ప్రఖ్యాత చిత్రకారుడు విల్ ఐస్నర్ 1971 వరకు దీని కళా బాధ్యత వహించాడు.

డ్రైవరు పుస్తకంలో బయలుదేరే ముందు, దారిలో, చేరిన తరువాత చేయవలసిన తనిఖీల పట్టిక ఉంటుంది. నూనె, నీరు, బెల్టులు, గాలి, కింద పడిన మరకలు చూసే ఈ పని కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. పెద్ద ఖర్చులను ముందుగా పసిగట్టేది కూడా ఇదే.

బ్రేకులు

ఈ ట్రక్కులో ప్రాణానికి సంబంధించిన భాగం ఇదే. ఎం35ఏ2కు డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి. పెడలు నొక్కితే ద్రవపీడనం పుడుతుంది. ఎయిర్ ప్యాక్ అనే సాధనం గాలి బలంతో ఆ పీడనాన్ని పెంచి చక్రాలకు పంపుతుంది. గాలి ఉన్నది గదా అని కొందరు దీనిని బస్సులలోని పూర్తి ఎయిర్ బ్రేకు వంటిదని భావిస్తారు. అది పొరపాటు. పూర్తి ఎయిర్ బ్రేకు ఉన్న వాహనంలో గాలి పోతే స్ప్రింగుల బలంతో బ్రేకు దానంతట అదే పడుతుంది. ఎం35ఏ2లో గాలి పోతే పెడలు బాగా గట్టిపడుతుంది, అయినా ఎంతో కొంత బ్రేకు మిగులుతుంది. ద్రవం పోతే మాత్రం ఏమీ మిగలదు.

కారణం మాస్టర్ సిలిండరు. ఇందులో ఉన్నది ఒకే వలయం. ఆరు చోట్ల ఉన్న వీల్ సిలిండర్లలో ఏ ఒక్కటి చీలినా, ఏ ఒక్క రబ్బరు గొట్టం పగిలినా ద్రవం అంతా అక్కడినుండి బయటికి పోయి పెడలు నేలకు ఆనుతుంది. అమెరికాలో కార్లకు 1968 నుండి రెండు వేరు వేరు వలయాలు ఉండాలన్న నియమం వచ్చింది. సైనిక వాహనాలకు ఆ నియమం వర్తించలేదు. చేతి బ్రేకు చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ గేరుపెట్టె వెనుక తిరిగే దండం మీద పని చేస్తుంది. అది నిలిచి ఉన్న ట్రక్కును పట్టి ఉంచడానికే గాని వేగంలో ఉన్న ఆరు టన్నుల బరువును ఆపడానికి కాదు.

అందువలన పాత ట్రక్కు కొన్నవారు మొదటి డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టాలి. పైకి బాగున్నట్లు కనిపించినా వయసు తెలియని రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. ప్రతి డ్రమ్ము విప్పి వీల్ సిలిండరు తుప్పు పట్టిందా, కారుతున్నదా అని చూడాలి. ఇరుసు చివర ఉన్న ఆయిల్ సీలు పాడైతే గేర్ ఆయిల్ బ్రేకు లైనింగు మీదికి వస్తుంది. నూనె తాగిన లైనింగును కడిగి వాడరాదు, మార్చవలసిందే. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది గనుక ఆ ధూళిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తీయాలి.

డ్రమ్ము విప్పడానికి ముందు ఇరుసు దండాన్ని తీసి, బేరింగును పట్టి ఉంచే పెద్ద నట్టును విప్పాలి. దీనికి సుమారు 3 అంగుళాల ప్రత్యేక పానా కావాలి. ఒక్కసారి కొంటే ఆరు చక్రస్థానాలకూ పనికి వస్తుంది. బేరింగులకు చేతితో గ్రీజు పట్టించడం, కొత్త సీలు వేయడం అదే సమయంలో ముగించుకోవచ్చు. ఒక్కొక్క స్థానానికి కొత్తవారికి ఒక రోజు పడుతుంది. విడిభాగాల ధర కన్నా మెకానిక్కు కూలి ఎక్కువగా ఉండే దేశంలో ఈ ఆరు రోజుల శ్రమే విద్యార్థికి మిగిలే అసలైన సొమ్ము.

మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళ కింద ఉంటుంది. నేల మీది చిన్న మూత తీసి ద్రవం మట్టం చూడాలి. అందుబాటులో లేని చోట ఉండడం వలన చాలామంది చూడరు. బయట ఎక్కడా మరక లేకుండా మట్టం తగ్గుతున్నదంటే ఎయిర్ ప్యాక్ లోపలి సీలు పోయి ద్రవం గాలి భాగంలోకి చేరుతున్నదని అనుమానించాలి.

బ్రేకు ద్రవం రకం మరొక చిక్కు. సైన్యం 1980వ దశకంలో సాధారణ ద్రవం మాని సిలికోన్ ద్రవానికి మారింది. దీనిని డాట్ 5 అంటారు, సాధారణంగా ఊదా రంగులో ఉంటుంది. కారు దుకాణంలో చవకగా దొరికే డాట్ 3, డాట్ 4 ద్రవాలు దీనితో కలవవు. డాట్ 5.1 పేరులో పోలిక ఉన్నా అది కూడా సిలికోన్ కాదు. సిలికోన్ ద్రవం తేమను పీల్చుకోదు కాబట్టి లోపలికి చేరిన నీరు అడుగున నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. అప్పుడప్పుడు పాత ద్రవాన్ని వదిలివేయడం దీనికీ అవసరమే.

కొందరు యజమానులు రెండు వలయాల మాస్టర్ సిలిండరు అమర్చుకుంటారు. ఇది మంచి మార్పు. అయితే పాత గొట్టాలను అలాగే ఉంచి దీనిని అమర్చడం వలన ప్రయోజనం తక్కువ.

గాలి ట్యాంకులలో చేరే నీటిని ప్రయాణం ముగిసిన ప్రతిసారీ వదలాలి. గాలి పీడనం తగ్గితే క్యాబినులో బజరు మోగుతుంది. అది మోగుతుండగా బయలుదేరడం, విసుగు కలిగిస్తున్నదని దాని తీగ తీసివేయడం రెండూ ప్రమాదమే.

టైర్లు, చక్రాలు

మామూలు ఎం35ఏ2కు రోడ్డు మీద పది టైర్లు, ఒక స్టెప్నీ ఉంటాయి. ఇవి 9.00-20 కొలత గల ట్యూబు టైర్లు. సైనిక డిపోలో ఏళ్ళ తరబడి నిలువ ఉన్న టైరుకు గాళ్ళు లోతుగా ఉండి కొత్తదిలా కనిపిస్తుంది గాని రబ్బరు ఎండి పగుళ్ళు బారుతుంది. 2000 నుండి తయారైన టైర్ల మీద నాలుగు అంకెల తేదీ ముద్ర ఉంటుంది. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. మూడే అంకెలు ఉంటే ఆ టైరు గత శతాబ్దానిది. డబ్బు చాలనప్పుడు మంచి టైర్లను ముందు ఇరుసుకు వేయడం పద్ధతి. ముందు టైరు పగిలితే శక్తి సహాయం లేని స్టీరింగును అదుపు చేయడం కష్టం.

ఈ చక్రాల అంచు ఒకే ముక్క కాదు. టైరును పట్టి ఉంచడానికి విడిగా ఒక లాకు రింగు ఉంటుంది. అది సరిగా కూర్చోకుండా గాలి కొడితే రింగు విపరీతమైన వేగంతో ఎగిరి దగ్గర ఉన్నవారిని చంపగలదు. తుప్పు పట్టిన, వంగిన, వేరే చక్రానికి చెందిన రింగులను వాడరాదు. గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనుప పంజరంలో ఉంచి, పొడవైన గొట్టంతో దూరం నుండి కొట్టాలని అమెరికా కార్మిక భద్రతా నియమాలు చెబుతున్నాయి. విద్యార్థి స్వయంగా చేయకుండా లారీ టైర్ల దుకాణానికి అప్పగించవలసిన పని ఏదైనా ఉంటే అది ఇదే.

చక్రం నట్లలో ఒక విశేషం ఉంది. ట్రక్కు ఎడమ వైపు నట్లకు ఎడమ మర ఉంటుంది, అనగా అవి మామూలు నట్లకు వ్యతిరేక దిశలో విప్పుకుంటాయి. ఇది తెలియక పొడవైన గొట్టం తగిలించి బలం కొద్దీ లాగి బోల్టులు తెంచుకున్నవారు ఉన్నారు.

ఇంజను

465 ఇంజనులో జర్మనీకి చెందిన మాన్ సంస్థ రూపొందించిన దహన పద్ధతిని వాడారు. ఇంధనాన్ని గాలిలోకి కాక పిస్టను తలలోని గుండ్రని గుంట గోడ మీదికి చిమ్ముతారు. అది గోడ వేడికి క్రమంగా ఆవిరై మండుతుంది. 22:1 పీడన నిష్పత్తి కూడా తోడవడం వలన డీజిల్, కిరోసిన్, జెట్ ఇంధనం, అత్యవసరంలో తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో కూడా ఇంజను నడుస్తుంది. టర్బో ఉన్న కొన్ని రకాలు ఈల వేసినట్లు శబ్దం చేస్తాయి. అందుకే వాటిని "విజిలర్" అంటారు.

ఈ ఇంజనును తాళం తిప్పి ఆపలేరు. ఇంధనాన్ని ఆపే ఒక తీగ పిడిని లాగాలి. ఆ తీగ తుప్పు పట్టి బిగుసుకుపోకుండా చూడడం చిన్న పని, కాని మరువరానిది. గవర్నరు నిమిషానికి 2,600 భ్రమణాల వద్ద ఇంధనాన్ని తగ్గిస్తుంది. అయితే వాలు దిగేటప్పుడు ట్రక్కు బరువే ఇంజనును తోస్తుంది కాబట్టి గవర్నరు అక్కడ రక్షించలేదు. తక్కువ గేరు వేసి, బ్రేకు సహాయంతో వేగాన్ని ముందే తగ్గించుకోవాలి.

ఇంజనుకు ఒక్కసారి నూనె మార్చడానికి సుమారు 20 లీటర్లు కావాలి. కారుకు పట్టే దానికి ఇది నాలుగైదు రెట్లు. లారీ డీజిల్ ఇంజన్లకు అమ్మే 15డబ్ల్యూ-40 నూనెను పెద్ద డబ్బాలలో కొంటే కలిసివస్తుంది. తక్కువ దూరం నడిపే ట్రక్కుకు నూనె నమూనాను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించడం కూడా లాభమే. నూనెలో లోహపు రేణువులు, నీరు, డీజిల్ ఎంత ఉన్నాయో దానిలో తెలుస్తుంది. నూనె కొలిచే కడ్డీ మీద మట్టం తగ్గితే అందరూ గమనిస్తారు. పెరిగితే సంతోషిస్తారు. నిజానికి పెరగడమే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే ఇంధన పంపు నుండి డీజిల్ గాని, రేడియేటర్ నీరు గాని నూనెలో కలుస్తున్నదని అర్థం. అటువంటి ఇంజనును కారణం తేలే వరకు నడపరాదు.

ఇంధనం

ట్యాంకులో సుమారు 189 లీటర్లు పడుతుంది. రోడ్డు మీద 100 కి.మీ.కు 25 లీటర్ల వరకు ఖర్చవుతుంది. రోజూ కళాశాలకు దీనిలో వెళ్ళే విద్యార్థికి మరమ్మత్తుల కన్నా డీజిల్ ఖర్చే ఎక్కువ కావచ్చు. ఇది వారాంతపు వాహనమే గాని నిత్యావసరం కాదన్నది ఈ లెక్క వల్ల తేలుతుంది.

బహుళ ఇంధన ఇంజను అన్న పేరు చూసి కొందరు వాడేసిన ఇంజను నూనెను, వంట నూనెను డీజిల్‌లో కలిపి నడుపుతారు. ఇంజను నడుస్తుంది. కాని వాడేసిన నూనెలో నీరు, లోహపు పొడి, మసి ఉంటాయి. 465 ఇంజనులో ఇంధన పంపు ఒకే ఒక ప్లంజరుతో ఆరు సిలిండర్లకూ ఇంధనం పంచుతుంది. ఆ ప్లంజరు అతి సన్నని సందుతో అమర్చినది, దానికి కందెన ఇంధనమే. మురికి గాని నీరు గాని చేరితే అది గీసుకుపోయి లేదా బిగుసుకుపోయి ఇంజను ఆగిపోతుంది. పంపు తల మార్చడానికి అయ్యే ఖర్చుతో అనేక ట్యాంకుల డీజిల్ కొనవచ్చు. పొగకు సంబంధించిన చట్టాలు కూడా రాష్ట్రాన్ని బట్టి అడ్డురావచ్చు. నూనె ఉచితంగా దొరికినా, దానిని శుభ్రపరిచే తీరిక, వడపోత సాధనాలు లేనివారికి ఇది పొదుపు కాదు.

ఇంధనం మూడు ఫిల్టర్ల గుండా పోతుంది. వాటి అడుగున ఉన్న కుళాయి తిప్పి నీటిని వదలాలి. నెలల తరబడి నిలిపి ఉంచే ట్రక్కు ట్యాంకును నిండుగా ఉంచితే లోపల తేమ చేరడం తగ్గుతుంది.

విద్యుత్తు

విద్యుత్ వ్యవస్థ 24 వోల్టులది. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. సైనిక బ్యాటరీలు ఖరీదైనవి. లారీలకు వాడే మామూలు బ్యాటరీలు రెండు కూడా పెట్టెలో అమర్చవచ్చు. రెండూ ఒకే రకానివి, ఒకే వయసువి కావాలి. రేడియో, ఫోను ఛార్జరు వంటి వాటి కోసం ఒక్క బ్యాటరీ నుండి 12 వోల్టులు తీసుకుంటే ఆ రెండింటిలో ఒకటి ముందుగా పాడవుతుంది. దీనికి వోల్టేజి తగ్గించే చిన్న పరికరం వాడాలి. మొరాయించే దీపాలలో చాలా వాటికి కారణం బల్బు కాదు, తుప్పు పట్టిన భూసంధానం. దానిని గీకి శుభ్రం చేస్తే చాలు.

భారతదేశంలో

భారత సైన్యంలో దీనితో పోల్చదగినది శక్తిమాన్ ట్రక్కు. మాన్ సంస్థ అనుమతితో 1959 నుండి జబల్‌పూర్‌లో వీటిని తయారు చేశారు. 1996లో ఉత్పత్తి ఆగింది. తరువాత స్టాలియన్ వంటి ట్రక్కులు ఆ స్థానాన్ని తీసుకున్నాయి. భారతదేశంలో లారీ మెకానిక్కు కూలి అమెరికాతో పోలిస్తే తక్కువ, పాత విడిభాగాల బజార్లు ఎక్కువ. అందుచేత ఇక్కడ పాత సైనిక వాహనాన్ని పోషించే లెక్క వేరుగా ఉంటుంది.  ఇక్కడ కూడా వేలం పత్రాలు లేనిదే రవాణా కార్యాలయంలో నమోదు కష్టం.